పని చేయించాకే వణుకు మొదలైన పాత డీజిల్ కారు

ఈసారి పురుగుమందుల గురించీ కాదు, ధరల గురించీ కాదు. పాత డీజిల్ కారు గురించి రాస్తున్నా. మన ఊళ్లలో ఇండికాలు, సుమోలు, పాత జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. విత్తనం తేవాలన్నా, ముసలోళ్లను ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా అదే బండి. ఈ ఏడాది ముగ్గురు వేరు వేరు మనుషుల నోట ఒకటే మాట విన్నా: "బండి బానే ఉండేది, షెడ్డుకి ఇచ్చి పని చేయించాకే స్లోలో వణుకుతోంది." మా బండికీ అదే జరిగింది. దాన్ని ఎట్లా పట్టుకున్నామో వివరంగా చెప్తా. పోస్టు పొడుగే, తీరిగ్గా చదవండి.

స్లో అంటే తెలుసుగా, రేసు మీద కాలు పెట్టనప్పుడు ఇంజన్ దానంతట అది తిరిగే వేగం. బండి నిలబడినప్పుడు నెమ్మదిగా ఆడాలి. అట్లా ఆడకుండా స్టీరింగు, అద్దం, సీటు అన్నీ గజగజలాడితే దాన్నే మనం "స్లో సరిగా లేదు", "మిస్సింగ్ కొడుతోంది" అంటాం.

మాది పాత ఇండికా, టర్బో లేని మామూలు డీజిల్. ఆ ఇంజన్‌ని 475 అంటారు. 4 సిలిండర్లు, ఒక్కో బోరు 75 ఎంఎం, అందుకే ఆ పేరు. సుమోలో వచ్చిన 483 కూడా అంతే, 4 సిలిండర్లు, 83 ఎంఎం బోరు. మాది 1405 సీసీ. కంప్యూటర్ ఏమీ లేదు, అంతా ఇనుము, డీజిల్, గాలి. అందుకే మనలాంటి వాళ్లకి అర్థమవుద్ది.

టైమింగ్ బెల్టు గడువు దాటుతోందని టౌన్లో ఒక షెడ్డుకి ఇచ్చాం. బెల్టు మార్చారు. పనిలో పనిగా నాజిళ్లు, అదే ఇంజెక్టర్లు, విప్పి పంపు షాపులో చెక్ చేయించి మళ్లీ బిగించారు. మేస్త్రి సంతోషంగా ఇంకో మాట కూడా చెప్పాడు: "పుల్లింగ్ బాగుండాలని పంపు కొంచెం లాగి పెట్టానండి." ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

ఇంటికి వచ్చేటప్పుడు రోడ్డు మీద బానే వచ్చింది. వాకిట్లో ఆపాక చూస్తే గేరు రాడ్డు పూనకం వచ్చినట్టు ఊగుతోంది. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే తెల్లటి పొగ, ఘాటు వాసన, టకటకమని గట్టి చప్పుడు. రేసు ఇచ్చి కొంచెం పైకి తీస్తే అంతా సర్దుకుంటుంది. కాలు తీస్తే మళ్లీ మొదలు.

షెడ్డుకి ఫోన్ చేస్తే మొదటిసారి "కొత్త పని కదా, 500 కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోద్ది" అన్నారు. రెండోసారి పోతే స్లో స్క్రూ తిప్పి వేగం పెంచారు. వణుకు కొంత దాగింది. కానీ క్లచ్ వదిలితే బండి ముందుకు దూకుతోంది. మూడోసారి పోతే "పంపు పోయింది, 18 వేలు అవుద్ది. తర్వాత కంప్రెషన్ కూడా లేదని తేలితే ఇంజన్ పని, 45 వేల దాకా" అన్నారు. పత్తి విత్తనాలు, దుక్కి, మొదటి మందు కట్టలు, అన్నీ ఒకేసారి కొనాల్సిన నెల అది. 45 వేలంటే నాకు రెండెకరాల పెట్టుబడి.

పోనీ బండి పక్కన పెడదామా అంటే అదీ కుదరదు. మా అమ్మకి డయాలసిస్. వారానికి రెండుసార్లు, పోను 38 కిలోమీటర్లు, రాను 38. పొద్దున పోయేటప్పుడు ఎట్లాగో బస్సులో పోవచ్చు. నాలుగు గంటలు మిషను మీద ఉండి వచ్చాక ఆ మనిషిని బస్టాండులో నిలబెట్టలేం. బీపీ పడిపోతది, కళ్లు తిరుగుతాయి. ఒకరోజు వచ్చేటప్పుడు రైల్వే గేటు దగ్గర ఆగాం. గేటు లేచే టైంకి ఇంజన్ రెండుసార్లు ఊగి ఆగిపోయింది. వెనక లారీ హారన్. సెల్ఫ్ కొడితే అందుకోవడం లేదు. అమ్మ వెనక సీట్లో పడుకుని "ఏమైందిరా" అంటోంది. ఇద్దరు కుర్రోళ్లు దిగి తోస్తే పక్కకి పెట్టాం. ఆ రోజే అనుకున్నా, డబ్బు సంగతి తర్వాత, ముందు ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలని.

మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడు. నేను మామా అంటాను. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద ఉన్న ఆయిల్ ఇంజన్లు బాగుచేసిన మనిషి. ఇప్పుడు ట్రాక్టర్లు చూస్తాడు, అది కూడా ఓపికుంటే. బండి చూపిస్తే బానెట్ ఎత్తలేదు. "చివరాఖర్న ఏం విప్పారు అల్లుడూ?" అని అడిగాడు. బెల్టు, నాజిళ్లు, పంపు అని చెప్పా. "అయితే ఆ మూడింటి దగ్గరే ఉంది రోగం. నిన్నటిదాకా బాగున్న బోరు ఇవాళ పొద్దున ఎట్లా పోద్ది?" అన్నాడు.

నాకు ఈ మాట బాగా నచ్చింది. పాత బండి కాబట్టి ఏ రోగమైనా ఉండొచ్చు, నిజమే. కానీ పనికి ముందు బాగుండి పని తర్వాత చెడితే ముందు చూడాల్సింది చెయ్యి పడిన చోటే. చాలా షెడ్లలో దీనికి తిరగబడి చేస్తారు. చేసిన పనిని వదిలేసి, చెయ్యని పనికి బిల్లు వేస్తారు.

ముందు చెవితో వినాలి. స్లోలో మూడు రకాల జబ్బులున్నాయి, మూడూ ఒకటి కాదు.

ఒకటి, ఇంజన్ వేగం పైకి కిందకి ఊగడం. ఊం... ఊం... అని ఉయ్యాల లాగా. దీన్ని లెక్కపెట్టొచ్చు, సెకనుకి ఒకటో రెండో. ఇది ఎక్కువగా డీజిల్లో గాలి పట్టడం వల్ల, లేకపోతే పంపులో గవర్నర్ వల్ల. రెండోది, ఒక సిలిండర్ కొట్టకపోవడం. దీన్ని లెక్కపెట్టలేం. 850 వేగంలో ఒక్కో సిలిండర్ సెకనుకి 7 సార్లు కొడుతుంది. అందులో ఒకటి చచ్చిపోతే సెకనుకి 7 కుదుపులు, అంటే గజగజ. మూడోది, నాలుగూ కొడుతున్నాయి కానీ అన్నీ గట్టిగా సుత్తితో కొట్టినట్టు కొట్టడం. ఇది టైమింగ్. మా బండిలో రెండోదీ మూడోదీ కలిసి ఉన్నాయి. అందుకే ఎవరికీ అందలేదు.

మరి రేసు ఇస్తే ఎందుకు సర్దుకుంటుంది? ఇది చాలామందికి పజిల్. కాలవ నిండా నీళ్లు పారేటప్పుడు గట్టులో ఎలుక బొరియ ఉన్నా చివరి మడికి నీళ్లు అందుతాయి. నీళ్లు సన్నగా వదిలితే మొత్తం ఆ బొరియలోకే పోతాయి. ఇంజన్ కూడా అంతే. స్లోలో ఒక్కో దెబ్బకి పడే డీజిల్ చాలా కొంచెం, గుండుసూది తలంత అనుకోండి. అందులో ఏమాత్రం తేడా వచ్చినా పెద్ద తేడానే. పైగా పిస్టన్ మెల్లగా లేస్తుంది కాబట్టి గాలి ఎక్కడన్నా కారడానికి టైం దొరుకుతుంది. డీజిల్ మండేదే నొక్కిన గాలి వేడికి, ఆ గాలి కారితే వేడీ పోయినట్టే. వేగం పెరిగాక కారే టైం ఉండదు, ఫ్లైవీల్ ఊపు కూడా మిగతాది కప్పేస్తుంది. కాబట్టి "రోడ్డు మీద బానే పోతుందిగా" అని వదిలేయకండి. స్లోలో బండి నిజం చెప్తది.

సరే, పని మొదలుపెట్టాం. ముందు గాలి సంగతి. ట్రాక్టర్ ఉన్నోళ్లకి ఇది కొత్త కాదు, డీజిల్ అయిపోతే ఎయిర్ తీయడం అందరికీ వచ్చు. ఫిల్టర్ నుంచి పంపుకి పోయే పైపులో ఒక మూరెడు ముక్క, లోపల కనపడే ప్లాస్టిక్ పైపు వేశాం. డీజిల్‌కి తట్టుకునేది వేయాలి, క్లిప్పులు గట్టిగా బిగించాలి. ఇంజన్ ఆడించి చూస్తే బుడగలు లేవు. ఒకవేళ బుడగలు వస్తుంటే ఫిల్టర్ రబ్బరు సీలు, పైపు చివర్ల రాగి వాషర్లు, క్లిప్పులు చూడండి. నాజిళ్ల మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయే సన్నటి రిటర్న్ పైపులు కూడా చూడండి. ముసలైన రబ్బరు, ఒకసారి పీకి పెడితే చీలిపోతుంది. నాజిళ్లు విప్పిన ప్రతిసారీ వాటిని మార్చేయడం మేలు, పెద్ద ఖర్చు కాదు.

గాలి లేదని తేలింది కాబట్టి తర్వాత ఏ సిలిండర్ చచ్చిందో చూడాలి. ఇది కూడా ట్రాక్టర్ పద్ధతే. ఇంజన్ స్లోలో ఆడుతుండగా నాజిల్ మీద ఉండే పైపు నట్టుని 17 నంబరు పానాతో పావు చుట్టు వదులు చేస్తారు. ఆ సిలిండర్‌కి డీజిల్ పోదు. అది అప్పటిదాకా కొడుతున్న సిలిండర్ అయితే ఇంజన్ ఇంకా దిగజారి ఊగుతుంది. చచ్చిన సిలిండర్ అయితే ఏ మార్పూ ఉండదు. ఒక్కొక్కటి వదులు చేయడం, వినడం, బిగించడం.

ఇక్కడ ఆగండి. ఈ పని కామన్ రైల్ బళ్లకి, అంటే సీఆర్‌డీఐ అనే రకానికి, చచ్చినా చేయకూడదు. 2010 తర్వాత వచ్చిన డీజిల్ కార్లు చాలావరకు అవే. ఇండికాల్లో కూడా తర్వాత ఆ రకం వచ్చింది, కాబట్టి పేరు చూసి మోసపోకండి. వాటి పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్ కూడా దాటుతుంది. మా పాత రకంలో నాజిల్ తెరుచుకునేది సుమారు 120 నుంచి 150 బార్ దగ్గర. అది కూడా తక్కువేం కాదు. మన ట్రాక్టర్ టైరులో గాలి ఒకటిన్నర, రెండు బార్ దగ్గర ఉంటుంది, దానితో పోల్చుకోండి. సన్నటి డీజిల్ చిమ్మి వేలికి తగిలితే చర్మం లోపలికి దూరుతుంది. బయటికి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు. కానీ లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సి వచ్చేంత ప్రమాదం. అట్లా అయితే పసుపు రాసుకుని కూర్చోకండి, ఆ గంటలోనే ఆస్పత్రికి పోయి "ప్రెషర్ డీజిల్ లోపలికి పోయింది" అని చెప్పండి. ట్రాక్టర్ హైడ్రాలిక్ పైపులకీ ఇదే వర్తిస్తుంది. మామ నట్టు మీద మందపాటి గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, చెయ్యి దూరంగా పెట్టి చేశాడు. కారిన డీజిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడకుండా కింద ఇంకో గుడ్డ.

ఒకటో నట్టు, ఇంజన్ దిగజారింది. రెండు, దిగజారింది. మూడు, ఏమీ లేదు, ఊరి చివర కుక్క మొరిగినంత కూడా తేడా లేదు. నాలుగు, ఆగిపోబోయింది.

మూడో సిలిండర్.

ఇప్పుడు 18 వేల పంపు సంగతి ఆలోచించండి. పాత ట్రాక్టర్లలో ఉండే పొడుగు పంపులో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ప్లంజర్ ఉంటుంది. ఈ కార్లలో ఉండేది గుండ్రటి రోటరీ పంపు. దాంట్లో ఒకటే ప్లంజర్ తిరుగుతూ నాలుగు సిలిండర్లకీ వంతులవారీగా పంచుతుంది. ఆ ప్లంజర్ అరిగితే నాలుగూ దెబ్బతినాలి కదా? ఒక్క మూడోది మాత్రమే చచ్చిందంటే పంపు గుండెకాయ బాగుందనే లెక్క. మిగిలేది ఏంటి? పంపు మీద ఆ ఒక్క లైనుకి ఉండే డెలివరీ వాల్వు, ఆ పైపు, ఆ నాజిల్, ఆ సిలిండర్ కంప్రెషన్. ఈ నాలుగే. నాలుగు చూడకుండా మొత్తం పంపు విప్పించేవాడికి మనం డబ్బు ఎందుకివ్వాలి?

నట్టు వదులు చేసినప్పుడు మూడో దాంట్లోంచి కూడా డీజిల్ మిగతా వాటిలాగే చిమ్మింది. కాబట్టి డెలివరీ వాల్వూ, పైపూ బానే ఉన్నట్టు.

తర్వాత మామ చేసిన పని చూసి నేను ఆశ్చర్యపోయా. మూతతో కొంచెం డీజిల్ తీసుకుని నాజిల్ మొదట్లో, అది హెడ్‌లోకి దిగే చోట గుంటలో పోశాడు. ఒకటో దాని దగ్గర డీజిల్ కదలకుండా నిలబడింది. మూడో దాని దగ్గర బుడబుడమని బుడగలు! అప్పుడు చెవి దగ్గర పెట్టి వింటే చుఫ్ చుఫ్ అని సన్నటి శబ్దం కూడా వినపడింది. చుట్టూ తారు లాంటి నల్లటి జిగురు. సిలిండర్లో నొక్కిన గాలి నాజిల్ పక్కనుంచి బయటికి వస్తోంది. సైకిల్ ట్యూబు పంచరు నీళ్ల తొట్టిలో పట్టినట్టే, తొట్టి బదులు ఆ గుంట.

ఇంజన్ చల్లారాక మూడో నాజిల్ విప్పాం. నాజిల్ కింద ఒక పల్చటి వాషర్ ఉంటుంది, వేడి నుంచి నాజిల్ మొనని కాపాడేది, గాలి కారకుండా సీలు వేసేది అదే. ఒకసారి బిగిస్తే నలిగి కూర్చుంటుంది, రెండోసారి పనికిరాదు. ప్రతిసారీ కొత్తది వేయాలి. షెడ్డులో కొత్తది వేశారు, అందులో తేడా లేదు. కానీ పాతది మసి పట్టి గుంట అడుగునే అతుక్కుపోయి ఉంది. అది తీయకుండా దాని మీదే కొత్తది వేసి బిగించారు. టార్చి వేసి చూస్తే అడుగున నల్లటి ఉంగరం. ఒకటి మీద ఒకటి రెండు ఉండేసరికి సీలు కుదరలేదు, నాజిల్ మొన కూడా వాషర్ మందం అంత పైకి లేచి కూర్చుంది.

దాన్ని తీయడం జాగ్రత్తగా చేయాల్సిన పని. మసి ముక్క లోపల పడితే ఇంకో తలనొప్పి. మామ సన్నటి ఇనుప కొక్కెం చేసి, దాని కొసకి గ్రీజు పూసి, మసి గ్రీజుకి అంటుకునేటట్టు కొంచెం కొంచెం గీకి తీశాడు. గంట పట్టింది. తీసిన వాషర్ అరచేతిలో పెట్టి "ఇదిగో నీ 45 వేలు" అన్నాడు. మిగతా మూడు కూడా విప్పి చూశాం, వాటిలో ఒక్కొక్కటే ఉంది. అయినా విప్పాం కాబట్టి నాలుగింటికీ కొత్తవి వేశాం. అన్నీ కలిపి 160 రూపాయలు. ఒక సలహా: వాషర్‌కి ఏ వైపు పైకి ఉండాలో కొన్ని రకాల్లో తేడా ఉంటుంది, పాతది తీసేటప్పుడే చూసి పెట్టుకోండి. నాజిల్‌ని ఎంత బలంతో బిగించాలో కూడా లెక్క ఉంటుంది, టార్క్ పానా ఉన్నవాడి దగ్గర బిగించుకుంటే మంచిది.

సెల్ఫ్ కొట్టాం. గజగజ పోయింది. నాలుగూ కొడుతున్నాయి. గేరు రాడ్డు నిలబడింది.

కానీ ఆ సుత్తి చప్పుడు పోలేదు. ఇందాక చెప్పిన మూడో జబ్బు, "పంపు కొంచెం లాగి పెట్టాను" అన్న మాట గుర్తుందిగా. రోటరీ పంపు బిగించే నట్ల దగ్గర గుండ్రటి గుంత బదులు పొడుగు కంత ఉంటుంది. నట్లు వదులు చేస్తే పంపు మొత్తం కొంచెం అటూ ఇటూ తిరుగుతుంది. లోపలి షాఫ్టు తిరిగే దిక్కుకి ఎదురుగా పంపుని తిప్పితే డీజిల్ ముందే పడుతుంది, అదే దిక్కులో తిప్పితే ఆలస్యంగా పడుతుంది. ముందే పడితే పికప్ కొంచెం బాగున్నట్టు అనిపిస్తుంది, కానీ చప్పుడు పెరుగుతుంది, పిస్టన్ మీద, బేరింగుల మీద దెబ్బ పడుతుంది. ఆలస్యంగా పడితే చప్పుడు మెత్తబడుతుంది కానీ పొద్దున తెల్ల పొగ, పుల్లింగ్ ఉండదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఒకటి రెండు ఎంఎం తేడా చాలు.

మా పంపు అంచు చూస్తే కథ తెలిసిపోయింది. ఏళ్ల తరబడి మట్టి, నూనె పట్టిన నల్లటి గీత ఒకచోట ఉంది. దాని పక్కన చందమామ వంక లాగా తెల్లగా మెరుస్తున్న లోహం. అంటే పంపు ఇన్నాళ్లూ ఆ గీత దగ్గర ఉండి, ఈ మధ్యే రెండు ఎంఎం జరిగింది. దాన్ని పాత గీత దగ్గరికి తెచ్చాం. పంపు కదిపే ముందు పైపుల నట్లు కూడా వదులు చేయాలి, లేకపోతే పైపులు మెలిపడతాయి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే కదపాలి.

పాత గీత దగ్గరికి తేగానే చప్పుడు సగానికి పైగా తగ్గింది. అయినా కొత్త బెల్టు వేశారు కాబట్టి గీతని మాత్రమే నమ్మి ఊరుకోలేదు. పంపు షాపుకి తీసుకుపోయి డయల్ గేజి పెట్టించి చూపించాం. చిన్న సవరణ చేశారు, 600 తీసుకున్నారు. బెల్టు పళ్ల గుర్తులు కూడా వాళ్లే చూశారు, సరిగ్గానే ఉన్నాయి. ఈ ఒక్కదాని జోలికి మాత్రం ఇంటి దగ్గర పోవద్దు. డీజిల్ ఇంజన్లో పిస్టన్‌కీ వాల్వుకీ మధ్య సందు చాలా తక్కువ. బెల్టు తప్పుగా పడి సెల్ఫ్ కొడితే వాల్వులు వంగిపోతాయి. అప్పుడు 45 వేలు నిజంగానే అవుతుంది.

అన్నీ అయ్యాక, చిట్టచివర, స్లో స్క్రూ. ఇంజన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి, లైట్లు ఆపి, బండి పుస్తకంలో ఉన్న వేగానికి దించాం. షెడ్డులో పెంచిన వేగం అప్పుడు కిందకి వచ్చింది. చాలామంది చేసే పని ఇదే, రోగం ఎక్కడున్నా మొదట ఈ స్క్రూనే తిప్పుతారు. జ్వరం ఉన్నోడికి ముఖానికి పౌడర్ రాసినట్టు. ఇంకా దారుణం ఏంటంటే పంపు వెనక డీజిల్ పరిమాణం పెంచే స్క్రూ ఇంకొకటి ఉంటుంది, సీలు వేసి ఉంటుంది. పికప్ కోసం దాన్ని లోపలికి తిప్పితే స్లో కూడా దానంతట అదే పెరుగుతుంది. అప్పుడు స్లో స్క్రూ వెనక్కి తిప్పుతారు. రెండూ లెక్క తప్పి, నల్లపొగ, స్లో నిలవకపోవడం. మీ బండిలో ఆ సీలు తెగి ఉంటే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం, అది పంపు షాపులో బెంచి మీద పెట్టి సరిచేయించాల్సిందే.

మా బండిలో లేనివి, కానీ మీకు ఉండొచ్చు కాబట్టి చెప్తున్నా. టాపెట్లు సెట్ చేయించాక వణుకు వస్తే, అదీ ఇంజన్ వేడెక్కాకే వస్తే, టాపెట్లు మరీ బిగుతుగా పెట్టారేమో చూడండి. వేడికి వాల్వు పొడుగవుతుంది, సందు లేకపోతే పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. మనోళ్లకి టాపెట్ చప్పుడు వినపడకూడదని ఒక పిచ్చి. కొంచెం టిక్కుటిక్కుమనే టాపెట్ మంచిదే, అసలు నోరెత్తని టాపెట్టే వాల్వుని కాల్చేస్తది. ఇంకోటి, మౌంటింగ్. ఇండికా లాగా ఇంజన్ అడ్డంగా కూర్చున్న చాలా బళ్లలో బెల్టు మార్చాలంటే ఆ వైపు మౌంటింగ్ విప్పాలి. దాన్ని సరిగా కూర్చోబెట్టకపోయినా, రబ్బరు చిరిగినా, బాగా ఆడే ఇంజన్ కూడా బండంతా ఊపుతుంది. ఒక చెయ్యి ఇంజన్ మీద, ఒక చెయ్యి బాడీ మీద పెట్టి చూడండి. ఇంజన్ నిదానంగా ఉండి బాడీ ఊగుతుంటే డీజిల్ లైను జోలికే పోనక్కర్లేదు.

డీజిల్లో కిరోసిన్ కలిపేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి ఒక మాట. రోటరీ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, లోపల పోయే డీజిలే దాని ఆయిల్. కిరోసిన్‌కి జిడ్డు తక్కువ. ఫిల్టర్ అడుగున నీళ్లు కూడా నెలకోసారి వదలండి.

షెడ్డు వాళ్ల దగ్గరికి ఆ పాత వాషర్ తీసుకుపోయి చూపించా. గొడవ పెట్టుకోలేదు. మేస్త్రి చూసి ఏమీ మాట్లాడలేదు, కాసేపయ్యాక టీ తెప్పించాడు. స్లో పెంచినందుకు తీసుకున్న 200 వెనక్కిచ్చాడు. మళ్లీ అక్కడికే పోతానా అంటే, బెల్టు పనికి పోతానేమో, పంపు మీద చెయ్యి మాత్రం వేయనివ్వను. ఇప్పుడు మా పంపు అంచుకీ, దాని బిగింపుకీ కలిపి ఉలితో సన్నగా ఒక గీత గీయించి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నా. మీ బండి ఇప్పుడు బాగా ఆడుతుంటే ఇవాళే ఆ గీత గీసుకోండి, చెడ్డాక గీసి లాభం లేదు. షెడ్డుకి ఇచ్చే ముందు స్లోలో ఆడుతుండగా ఒక నిమిషం వీడియో కూడా తీసుకోండి. ముందు ఎట్లా ఉండేదో చూపించడానికి అంతకంటే సాక్ష్యం లేదు.

మొత్తం ఖర్చు: వాషర్లు 160, రిటర్న్ పైపు ముక్కలు 90, పంపు షాపు 600, మామ వద్దంటున్నా జేబులో పెట్టింది 500. మొన్న మంగళవారం అమ్మని తీసుకొచ్చేటప్పుడు అదే రైల్వే గేటు దగ్గర పదిహేను నిమిషాలు ఆగాం. ఇంజన్ ఆపలేదు, ఆగనూ లేదు. అమ్మ వెనక నిద్రపోయింది.

ఇంకో చిన్న పని మిగిలింది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒక పది సెకన్లు తెల్ల పొగ వస్తోంది. హీటర్ ప్లగ్గుల మీద ఉన్న పట్టీ తీసి, బ్యాటరీ ప్లస్ నుంచి చిన్న బల్బు ద్వారా ఒక్కో ప్లగ్గుకి వైరు తాకిస్తే మూడింటికి బల్బు వెలిగింది, రెండో సిలిండర్‌ దానికి వెలగలేదు. ఆ ప్లగ్గు కాలిపోయింది. కొత్తది ఖమ్మం నుంచి రేపు వస్తది, మామకి తీరికైతే ఆదివారం మారుస్తాం.